కాంటెస్సా: కండల్లేని మజిల్ కారు

సంక్రాంతికి ఆత్రేయపురం వెళ్ళినప్పుడు, పెదనాన్నగారి కొబ్బరి కొట్టంలో పడున్న కాంటెస్సా మీంచి టార్పాలిన్ లాగాను. లాగమన్నది మా అన్నయ్య, అంటే పెదనాన్నగారబ్బాయి. మిషిగన్‌లో ఉంటాడు. రెండేళ్ళ క్రితం 1968 మోడల్ షెవ్రొలే కమారో ఒకటి కొన్నాడు. ఆటోక్రాస్ పందేల కోసం దాన్ని మొత్తం విప్పి మళ్ళీ కడుతున్నాడు. శని, ఆదివారాలు మనిషి కారు కిందే ఉంటాడని వదిన కంప్లైంటు. వీడియో కాల్‌లో, కొబ్బరి డొక్కల మధ్య దుమ్ము కొట్టుకుపోయిన ఆ నాలుగు గుండ్రటి హెడ్‌లైట్లని చూసి, "అదీ మజిల్ కారే కదరా! ఇనప సామాన్లవాడికి ఇచ్చెయ్యకండి" అన్నాడు. పక్కనే పడక్కుర్చీలో ఉన్న పెదనాన్న ఊరుకోలేదు. "ఏం మజిలురా బాబూ! రావులపాలెం బ్రిడ్జి ఎక్కాలంటే ఏసీ కట్టేసేవాణ్ణి" అన్నారు.

తండ్రీకొడుకుల్లో ఎవరు కరెక్టో తేల్చుకుందామని చదవడం మొదలుపెట్టాను. నేను కారు మనిషిని కాను, నడపడం కూడా అంతంతమాత్రమే. కానీ ఎవరో ఎప్పుడో రాసిన పాత కోడ్ ముందేసుకుని, ఈ లైను ఇక్కడికి ఎలా వచ్చిందీ, దీన్ని తీసేస్తే ఏం కూలుతుందీ అని ఆలోచించడం నా ఉద్యోగం. ఈ కాంటెస్సా కూడా సరిగ్గా అలాంటి సరుకే. ఒక దేశంలో ఒక అవసరానికి గీసిన ఒళ్ళు, ఇంకో దేశంలో అంతకు ఎన్నో ఏళ్ళ ముందు పుట్టిన ఇంజను, ఈ రెండింటికీ ఉత్తరపారాలో పెళ్ళి చేసిన ఒక ప్రభుత్వ విధానం.

ముందు మజిల్ కారు సంగతి. దాని పుట్టుకలోనే ఒక దొంగాట ఉంది. 1960ల మొదట్లో జనరల్ మోటార్స్‌లో ఒక నియమం ఉండేది: మధ్యరకం సైజు కారులో 330 క్యూబిక్ ఇంచీల కన్నా పెద్ద ఇంజను పెట్టకూడదు. అదే కంపెనీలో భాగమైన పాంటియాక్‌కి అప్పుడు చీఫ్ ఇంజనీరు జాన్ డెలోరియన్. కొత్త మోడల్ తేవాలంటే పైవాళ్ళ అనుమతి కావాలి, ఉన్న మోడల్ మీద ఒక ఆప్షన్ ఇవ్వడానికి అక్కర్లేదు. ఈ సందు చూసుకుని 1964 మోడల్ టెంపెస్ట్ లెమాన్స్‌లో 389 క్యూబిక్ ఇంచీల ఇంజను, అంటే 6.4 లీటర్లది, 'ఆప్షన్' కింద దూర్చారు. దానికి జీటీవో అని పేరు పెట్టారు. మామూలు రకానికే 325 హార్స్ పవర్. మొదటి ఏడాదే 32 వేలకి పైగా అమ్ముడుపోయాయి. అన్ని అమ్ముడయ్యాక నియమం గురించి ఎవరు మాట్లాడతారు!

ఈ కార్లన్నీ తిన్నగా పోవడానికి పుట్టినవే. ఒక ట్రాఫిక్ లైటు దగ్గర బయల్దేరి పక్కవాడికన్నా ముందు ఇంకో లైటు దగ్గరికి చేరాలి, లేదా పావు మైలు పందెం గెలవాలి. మధ్యలో మలుపుంటుందని ఎవరూ అనుకోలేదు. ఇంత బరువైన ఇంజను ముందు కూచుంటే మలుపులో ముక్కు బయటికి లాగేస్తుంది. ఇక వెనక చూస్తే, మన ఎడ్లబండి ఇరుసులాగా రెండు చక్రాలనీ కలిపే ఒకటే యాక్సిల్. దాన్ని పట్టుకుని ఉండేవి కమాను కట్టలు, అంటే లారీల కింద మనం చూసే లీఫ్ స్ప్రింగులు. 1967 మోడల్‌గా వచ్చిన మొదటి కమారోకైతే అవి కట్టలు కూడా కావు, పక్కకొకటి చొప్పున ఒంటి రేకు! గట్టిగా యాక్సిలరేటర్ తొక్కితే ఆ రేకు మెలికపడి యాక్సిల్ ఎగిరెగిరి పడేది. మరుసటి ఏడాది షాకప్సర్లని ఒకటి యాక్సిల్‌కి ముందు, ఒకటి వెనక బిగించి కొంత సర్దారు.

ఆటోక్రాస్ అడిగేది సరిగ్గా ఈ కార్లకి చేతకాని పని. అమెరికాలో దాన్ని పెద్ద పార్కింగ్ స్థలాల్లోనో వాడని రన్‌వేల మీదో పెడతారు. నారింజ రంగు ప్లాస్టిక్ కోన్లతో మెలికల దారి వేస్తారు. ఒక్కో కారూ విడివిడిగా గడియారంతో పోటీపడుతుంది. పరుగు ఒక నిమిషం అటూ ఇటూ. ఒక కోను పడితే రెండు సెకన్లు కలుపుతారు. వేగం హైవే మీద మనం వెళ్ళేదాన్ని దాటదు గానీ, ఆ నిమిషంలో ఒక్క క్షణం కూడా కారు తిన్నగా ఉండదు. 1944లో పుట్టిన స్పోర్ట్స్ కార్ క్లబ్ ఆఫ్ అమెరికా దీనికి 1973 నుంచి జాతీయ పోటీలు నడుపుతోంది. ఏళ్ళ తరబడి ఈ ఆట చిన్న, తేలిక కార్లదే. తర్వాత అదే క్లబ్బు క్లాసిక్ అమెరికన్ మజిల్ అని ఒక తరగతి పెట్టింది. అన్నయ్య పోటీపడదామనుకుంటున్నది అందులోనే.

పాత మజిల్ కారుకి మలుపు నేర్పడం మాత్రం కొత్త సరదా కాదు. 1965లోనే కారోల్ షెల్బీ మనుషులు మస్టాంగ్‌ని జీటీ350గా మార్చేటప్పుడు, ముందు చక్రాన్ని పట్టుకునే పై చెయ్యిని ఒక అంగుళం కిందికి దించి బిగించారు. ఆ ఉపాయం ఫోర్డ్ ఇంజనీరు క్లాస్ ఆర్నింగ్‌ది. అంతే, రెండు బొక్కలు కొత్తగా వెయ్యడం! అదే కారు మలుపులో చక్రాన్ని నేలకి ఇంకా నిటారుగా ఆనించడం మొదలుపెట్టింది. ఇప్పటికీ పాత మస్టాంగ్ కొన్నవాళ్ళు మొట్టమొదట చేసే పని ఇదే. మరుసటి ఏడాది ట్రాన్స్-యామ్ పోటీలు మొదలయ్యాయి. ఇంజను ఐదు లీటర్లు మించకూడదన్నది నియమం. ఆ నియమం కోసమే షెవ్రొలే 302 క్యూబిక్ ఇంచీల ఇంజనుతో కమారో జెడ్-28 తయారుచేసింది. రోజర్ పెన్స్కీ టీమ్ తరఫున మార్క్ డోనహ్యూ దాన్నే నడిపి 1968లో, 1969లో చాంపియన్‌షిప్ కొట్టాడు. డోనహ్యూ స్వయానా ఇంజనీరు. బరువు తగ్గించడానికి వాళ్ళు కారు ఒంటిని యాసిడ్‌లో ముంచి రేకు పలచబరిచేవారు. మా ఊరి పూతరేకంత కాకపోయినా, చెయ్యి ఆనిస్తే సొట్టపడేంత.

నాకు ఇందులో ఆసక్తి కలిగించింది ఏమిటంటే, మజిల్ కారుకి ఇంజను ఇచ్చింది కంపెనీ, మలుపు ఇచ్చింది పందెం నియమాలు. కండ మీద పరిమితి పెట్టినప్పుడే మిగతా కారు గురించి ఆలోచించారు.

ఇక మన కాంటెస్సా. ఇది కంపెనీ కాపీ కొట్టిన డిజైన్ అని చిన్నప్పుడు మా ఫ్రెండ్స్ అనేవాళ్ళు. కాపీ కాదు. అచ్చంగా అసలుదే. బ్రిటన్‌లో వాక్స్‌హాల్ అనే కంపెనీ 1925 నుంచీ జనరల్ మోటార్స్ చేతిలో ఉంది. వాళ్ళు 1972లో ఎఫ్ఈ సిరీస్ విక్టర్ అనే పెద్ద కారు దించారు. ఇంగ్లిష్ రోడ్డు మీద నిలబడ్డ అమెరికన్ మొహం. పొడవాటి బానెట్, నడుం దగ్గర కొంచెం నొక్కుకుపోయి వెనక్కి మళ్ళీ లేచే గీత. నాలుగు సిలిండర్ల ఇంజన్లు 1.8, 2.3 లీటర్లవి. అదే ఒంట్లో 3.3 లీటర్ల ఆరు సిలిండర్లది పెట్టి వెంటోరా అని అమ్మారు. 1976లో పేరు వీఎక్స్‌గా మార్చారు, 1978లో ఆపేశారు. ఆ అచ్చులన్నీ తర్వాత కలకత్తా పక్కనున్న ఉత్తరపారాకి, హిందుస్థాన్ మోటార్స్‌కి వచ్చాయి. 1984లో అది కాంటెస్సా అయింది.

అచ్చులు వచ్చాయి, ఇంజన్లు రాలేదు. ఇక్కడే కథంతా ఉంది. ఆ రోజుల్లో కొత్త ఇంజను తేవాలంటే లైసెన్సు కావాలి, విదేశీ మారకం కావాలి, ఎంత శాతం విడిభాగాలు ఇక్కడే చేస్తారో ఢిల్లీకి లెక్క చెప్పాలి. అందుకని ఇంట్లో ఉన్నదే పెట్టారు: అంబాసిడర్ ఇంజను. 1489 సీసీ, 1950ల నాటి బ్రిటిష్ డిజైన్, సుమారు 50 హార్స్ పవర్. కాంటెస్సా బరువు సుమారు 1,200 కిలోలు. నా బుర్ర ఎప్పుడూ భాగహారం వైపే పోతుంది కాబట్టి చేసి చూశాను. టన్నుకి 42 హార్స్ పవర్ దాకా వచ్చింది. 1964 జీటీవోకి కంపెనీ చెప్పిన లెక్క ప్రకారం టన్నుకి 200. అది అన్యాయమైన పోలిక అంటారేమో. సరే, 1983 డిసెంబరులో వచ్చిన మారుతి 800 తీసుకోండి. దానికి టన్నుకి సుమారు 60 వస్తుంది! ఊళ్ళో అందరికన్నా గంభీరంగా కనిపించే కారు, లెక్కలో అగ్గిపెట్టెలాంటి మారుతి కన్నా వెనక. ఏసీ కంప్రెసర్ కూడా ఆ యాభైలోంచే తినేది. పెదనాన్న బ్రిడ్జి మాట ఎకసెక్కం కాదు, కొలత.

ఇలాంటి పెళ్ళి అప్పట్లో ఇంకోటి కూడా జరిగింది. మద్రాసులో స్టాండర్డ్ మోటార్స్ 1985లో స్టాండర్డ్ 2000 తెచ్చింది. ఒళ్ళు రోవర్ ఎస్‌డీ1ది. బ్రిటన్‌లో ఆ కారు పెద్దరకానికి 3.5 లీటర్ల వీ8 ఉండేది. ఆ వీ8 నిజానికి అమెరికాలో జనరల్ మోటార్స్‌వాళ్ళ బ్యూక్ చేసి వదిలేసిన అల్యూమినియం ఇంజను, రోవర్ దాన్ని 1960ల్లో కొనుక్కుంది. మనకొచ్చేసరికి వీ8 పోయింది, స్టాండర్డ్ దగ్గరున్న పాత వాన్‌గార్డ్ కాలంనాటి రెండు లీటర్ల ఇంజను వచ్చి కూర్చుంది. అది మూడు నాలుగేళ్ళకే ఆగిపోయింది. అంటే దాదాపు ఒకే సమయంలో అమెరికన్ రక్తం కొంచెమో గొప్పో ఉన్న రెండు కార్లు మన దేశంలోకి వచ్చాయి, రెండూ గుండె గుమ్మం బయటే వదిలేసి వచ్చాయి. లైసెన్స్ రాజ్ గురించి ఆర్థికశాస్త్ర వ్యాసాలు చాలానే చదివాను గానీ, ఈ రెండు బానెట్లు ఎత్తి చూపించినంత సూటిగా నాకు ఏదీ చెప్పలేదు.

కాంటెస్సా బతికింది. జపాన్ ఇసుజుతో ఒప్పందం కుదిరి 1980ల చివర్లో 1817 సీసీ పెట్రోల్ ఇంజను, ఐదు గేర్ల పెట్టె వచ్చాయి. కాంటెస్సా క్లాసిక్ అదే. హార్స్ పవర్ 80 దాటింది. తర్వాత డీజిల్ కూడా వచ్చింది. ఇసుజులో జనరల్ మోటార్స్‌కి అప్పట్లో, 1971 నుంచి, మూడోవంతుకి పైగా వాటా ఉండేది. వాక్స్‌హాల్ ఒళ్ళు, ఇసుజు ఇంజను: దూరపు చుట్టాలే, కొంచెం ఆలస్యంగా కలిశారు. ఆ లెక్కన అన్నయ్య కమారోకి మా కొట్టంలో బండి వరసకి పినతల్లి కొడుకవుతుంది. అయితే పెదనాన్నది 1986 మోడల్. ఇసుజుకి ముందుది. ఆ పాత యాభై గుర్రాలదే. 2002లో కాంటెస్సా తయారీ ఆగింది, 2014లో అంబాసిడర్ కూడా ఆగింది.

మరి ఇలాంటి కార్లతో మనవాళ్ళు పందేలు ఆడలేదా అంటే, ఆడారు. రావులపాలెం దగ్గర హైవే ఎక్కి దక్షిణంగా, నెల్లూరు దాటి, మద్రాసులోకి దిగేముందు షోలవరం తగులుతుంది. అక్కడ రెండో ప్రపంచ యుద్ధం నాటి రన్‌వే ఒకటుంది. 1953లో పుట్టిన మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ 1990లో ఇరుంగట్టుకోట్టైలో సొంత ట్రాక్ కట్టుకునేదాకా పందేలన్నీ ఆ రన్‌వే మీదే. మహారాజుల విదేశీ కార్లు ఒక పక్క, అంబాసిడర్లు, ఫియట్లు, హెరాల్డులు ఒక పక్క. పెళ్ళిళ్ళకి ఊరేగే బండినే తెచ్చి, సీట్లు పీకి, ఇంజను తలకాయ అరగదీసి కంప్రెషన్ పెంచి, సైలెన్సర్ తీసి పరిగెత్తించేవారు. దొరకని విడిభాగాన్ని లేతు మీద చేయించేవారు. అమెరికాలో కుర్రాడు కేటలాగ్ చూసి ఫోన్లో ఆర్డరిచ్చే వస్తువుకి, ఇక్కడ ఒక మెకానిక్ బుర్ర, ఒక లేతు, మూడు వారాలు ఖర్చయ్యేవి. కోయంబత్తూరు కరివర్ధన్ 1980ల చివర్లో మారుతి 800 ఇంజనుతో చవకగా ఒంటి సీటు పందెం కార్లు కట్టించి ఫార్ములా మారుతి పెట్టడం కూడా ఈ ధోరణే. ఉన్నదాంతోనే.

ఇప్పుడు మన దేశంలో ఆటోక్రాస్ అంటే ఎక్కువగా మట్టి నేల మీద. బ్రిటన్ అలవాటు అది, అక్కడ మొదట్లో పొలాల్లో, పచ్చిక మీద నడిపేవారు. అమెరికావాళ్ళ తారురోడ్డు కోన్ల ఆటా మనదీ పేరుకి ఒకటే, వేరే ఆటలు. ఆత్రేయపురం నుంచి లొల్ల లాకుల మీదుగా కాలవ గట్టు పట్టుకుని వెళ్ళేవాళ్ళకి మట్టీ, మలుపులూ కొత్తవేం కావనుకోండి. శనివారాలు వాడపల్లి వెంకన్న గుడికి వచ్చే ఆటోల మధ్య నుంచి కారు తీసుకెళ్ళడం కూడా ఒక రకం పోటీయే, కోన్ల బదులు మనుషులు.

ఇదంతా చదివాక కనుమ మర్నాడు ఫోన్ టార్చి వేసుకుని కాంటెస్సా కింద దూరాను. ఎలకలు వైర్లు కొరికేశాయి. డ్రైవరు కాళ్ళ దగ్గర నేల రేకు చిల్లుపడి కింది మట్టి కనిపిస్తోంది. వెనక యాక్సిల్ దగ్గర నేను వెతుకుతున్నది కమాను కట్టల కోసం. లేవు. చుట్ట స్ప్రింగులు ఉన్నాయి. యాక్సిల్‌ని ముందూ వెనకా కదలకుండా పట్టుకునే చేతులు ఉన్నాయి. అన్నిటికన్నా ముఖ్యంగా, అడ్డంగా ఒక సన్నటి ఉక్కు కడ్డీ. ఒక చివర యాక్సిల్‌కి, ఇంకో చివర ఒంటికి. తుప్పు పట్టింది గానీ తిన్నగా ఉంది. ఫోటో తీసి మిషిగన్ పంపించాను. అక్కడ తెల్లవారుజాము. రెండు నిమిషాల్లో ఫోన్ మోగింది.

"అది పాన్‌హార్డ్ రాడ్ రా! నా కమారోలో కమాను కట్టలు పీకేసి, చుట్ట స్ప్రింగులూ ఆ రాడ్డూ పెట్టడానికేరా ఈ ఏడాది బోనస్ అంతా తగలేసింది!"

విషయం ఇది. మలుపులో కారు ఒరిగినప్పుడు వెనక యాక్సిల్ పక్కకి జరగకుండా ఆపేదే ఆ కడ్డీ. కమాను కట్టల కారులో ఆ పని కూడా ఆ రేకులే చెయ్యాలి, బరువూ అవే మొయ్యాలి, యాక్సిల్ మెలికా అవే ఆపాలి. ఒక మనిషికి మూడు ఉద్యోగాలు. విక్టర్‌లో వాటిని విడగొట్టారు: బరువు స్ప్రింగుకి, ముందువెనకలు చేతులకి, పక్కదనం కడ్డీకి. బ్రిటన్‌లో మలుపుల రోడ్లు ఎక్కువ కాబట్టి కుటుంబాల కారుకి కూడా ఇది అవసరమనిపించి ఉంటుంది, అది నా ఊహ. మొత్తానికి డెట్రాయిట్ 1967లో కండల కారుకి ఇవ్వనిది, ఉత్తరపారా కండల్లేని కారుకి ఇచ్చింది. నలభై ఏళ్ళు కొబ్బరి చెట్ల నీడన ఎవరికీ అక్కర్లేకుండా అది అలాగే ఉండిపోయింది. అక్కడ ఇంజను సమృద్ధిగా ఉండి అడుగుభాగం కరువు. ఇక్కడ అడుగుభాగం ఉండి ఇంజను కరువు. అన్నయ్య మాట సగం రైటు, అయితే అతను అనుకున్న సగం కాదు.

అతను జాబితా చెప్పాడు. ఇంజను జోలికి ఇప్పుడే పోవద్దట. ముందు నేల రేకుకి టింకరింగ్, తర్వాత రబ్బరు బుష్‌లన్నీ మార్చడం, గట్టి స్ప్రింగులు, టైర్లు, మనిషిని కదలనివ్వని సీటు. ఆఖర్న ఎక్కడైనా పాత క్లాసిక్ దొరికితే ఇసుజు ఇంజను. విన్నంతసేపు బాగానే ఉంది. అయితే మిషిగన్‌లో కార్లకి ఏటేటా తనిఖీ లేదు. అన్నయ్య ఆ కమారోని ఆదివారం పొద్దున్న నడుపుకుంటూ పోతాడు, ఆడతాడు, నడుపుకుంటూ వస్తాడు. అమెరికాలో ఈ ఆట గుమస్తాలకీ టీచర్లకీ అందుబాటులోకి రావడానికి ఖాళీ పార్కింగ్ స్థలాలు ఎంత కారణమో ఇదీ అంతే కారణమని నా అభిప్రాయం. మన దగ్గర మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు చెప్పిన వివరాలకి భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీం కోర్టు, కేరళ నుంచి వచ్చిన కేసులో, దాన్ని గట్టిగానే చెప్పింది. ఇంజను మార్చాలంటే ముందే అనుమతి తీసుకోవాలి. లేదంటే బండిని రోడ్డుకి దూరంగా, ట్రాలీ మీదే మోసుకెళ్ళి ఆడించుకోవాలి. అప్పుడది కారు యజమానుల ఆట కాదు, ట్రాలీ యజమానుల ఆట.

పైగా పెదనాన్న ఆర్సీ ఆఖరిసారి 2011లో రెన్యూ చేయించారు. 2016లో గడువు అయిపోయింది. పదిహేనేళ్ళు దాటిన కారుకి రెన్యూవల్ ఫీజు 2022 ఏప్రిల్ దాకా 600 రూపాయలు. అప్పుడు 5,000 చేశారు. 2025లో, ఇరవై ఏళ్ళు దాటినవాటికి 10,000 అయింది. లేటు ఫీజు వేరే. పొగ విషయంలో ప్రభుత్వం వాదన నాకు అర్థమవుతుంది, ఢిల్లీలో ఏడాది ఊపిరి పీల్చినవాణ్ణి. కానీ ఏడాదికి రెండొందల కిలోమీటర్లు తిరిగే బండినీ, రోజుకి అంత తిరిగే బండినీ ఒకే తక్కెడలో వెయ్యడం ఏం ఇంజనీరింగో తెలీదు. యాభై ఏళ్ళు దాటినవాటికి వింటేజ్ రిజిస్ట్రేషన్ ఉంది. దానికి ఈ కారు 2036 దాకా ఆగాలి. అప్పటికి దాన్ని ఒరిజినల్‌గా, ఏమీ మార్చకుండా ఉంచాలి. అంటే చట్టం ప్రకారం బతకాలంటే పందెం ఆడకూడదు, పందెం ఆడాలంటే రోడ్డెక్కకూడదు.

రావులపాలెం నుంచి ఒక మెకానిక్‌ని పిలిపించాం. అరవై దాటిన మనిషి, అంబాసిడర్ల మీదే చెయ్యి తిరిగినవాడు. బానెట్ ఎత్తి, డిప్‌స్టిక్ లాగి వాసన చూసి, చేత్తో ఫ్యాను తిప్పడానికి ప్రయత్నించాడు. కదల్లేదు. స్పార్క్ ప్లగ్గులు ఊడదీసి నాలుగు బొక్కల్లోనూ డీజిల్ పోశాడు. "ఆయ్, రెండ్రోజులు నాననివ్వండి బాబుగారూ. ఇంజన్ది ఏవుందండి, అంబాసిడర్దే గదా, కన్నుమూసుకుని కట్టేత్తాను. ఆ కింద బుష్‌లే దొరకవండి. రాజమండ్రిలో ఒకాయన పోతపోత్తాడు, అడిగి చెప్తానండి" అన్నాడు.

మూడోరోజు నేను హైదరాబాద్ బస్సు ఎక్కేముందు ఫ్యాను పావుచుట్టు తిరిగింది. పెదనాన్న చూడ్డానికి కొట్టంలోకి రాలేదు గానీ, వీధి అరుగు మీంచి అడిగారు, "ఆర్సీకి ఎంతన్నావురా?" అని. పదివేలు, ఆ పైన లేటు ఫీజు అన్నాను. ఇంకేం మాట్లాడలేదు. టార్పాలిన్ మాత్రం మళ్ళీ కప్పొద్దన్నారు.